మావయ్య రంగుపెట్టె

ఈమధ్య మా ఊరి తీర్థానికి వెళ్లాను. స్టేజీ పెద్దదే కట్టారు. ఎల్‌ఈడీ తెర, డీజే పెట్టెలు, పాటల పార్టీ అన్నీ ఉన్నాయి. వెనక్కి వెళ్లి చూస్తే జనరేటరు తప్ప ఏమీ లేదు. ఒకప్పుడు అక్కడ కొబ్బరాకు దడి కట్టేవారు. దడి లోపల చాప పరిచి, రెండు పెట్రోమాక్స్ లైట్లు వేలాడగట్టి, దీపాలవేళ నుంచి మా మావయ్య ఊరివాళ్ల ముఖాలకి రంగు వేసేవాడు. ఆ దడి కట్టడం ఎప్పుడు మానేశారని అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు.

నాటకాలు పోయాయని బాధపడినవాళ్లు చాలామందే ఉన్నారు. పద్యం పోయిందన్నారు, రాగం పోయిందన్నారు, హార్మోనియం వాయించేవాళ్లు పోయారన్నారు. రంగు వేసిన మనిషి గురించి ఎక్కడా పెద్దగా చదివిన గుర్తు లేదు నాకు. నేనిప్పుడు హైదరాబాదులో సినిమాలకీ సీరియళ్లకీ రోజు లెక్కన మేకప్ చేసి బతుకుతున్నాను. ఏ కంపెనీకీ సొంతం కాదు, పిలిచినవాళ్ల దగ్గరికి వెళ్లడమే. నా చేతిలో ఉన్న పని ఆ దడి లోపల నేర్చిందే. అందుకని ఆ కబురు నేనే చెప్పాలనిపించింది.

*

మా ఐ.పోలవరం గోదావరి పాయల మధ్య లంక నేల. అమలాపురం వెళ్లాలంటే ముమ్మిడివరం మీదుగా బస్సు. యానాం వెళ్లాలంటే ఎదుర్లంక రేవులో పంటు ఎక్కాలి. ఇప్పుడక్కడ ఎదుర్లంకలోనే పుట్టిన జి.ఎం.సి. బాలయోగి గారి పేరుతో వంతెన ఉంది. అప్పట్లో గోదారి దాటడం ఒక పూట పని. మావయ్య ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని పంటు ఎక్కితే సరంగు జాగా ఇచ్చేవాడు. "రంగుపెట్టె వస్తంది, జరగండి" అనేవాడు. నాటకం యానాంలో అయితే తెల్లారి మొదటి పంటు వచ్చేదాకా రేవులోనే కూర్చునేవాళ్లం. పెట్టె మీద తల పెట్టి మావయ్య కునుకు తీసేవాడు. చెవుల వెనక, గోళ్ల సందుల్లో రంగు అలాగే ఉండేది.

సంక్రాంతి వెళ్లి కళ్లాలు అయ్యాక మొదలయ్యేది మా పని. శివరాత్రి జాగారానికి ఒక నాటకం ఖాయం. ఆ తరవాత ఊరూరా తీర్థాలు. మురమళ్ల, కేశనకుర్రు, కొమరగిరి, అటు ముమ్మిడివరం దాకా కబురు వచ్చేది. కాగితం మీద రాసుకోవడాలు లేవు. పెద్దమనిషి ఒకాయన వచ్చి తాంబూలంలో కొంత డబ్బు పెట్టి ఇచ్చేవాడు, అంతే. తాంబూలం పుచ్చుకున్నాక తుపానొచ్చినా వెళ్లాల్సిందే. డ్రెస్సులు, కిరీటాలు, పరదాలు డ్రెస్ కంపెనీవాళ్లు తెచ్చేవారు. రంగూ జుట్టూ మావయ్యవి.

పెట్టె మూత తీస్తే ముందు వాసన వచ్చేది. స్పిరిట్ గమ్ ఘాటు, దాని కింద కొబ్బరినూనె, దాని కింద పాత విగ్గుల మక్కు వాసన. పై అరలో అద్దం, దువ్వెనలు, కాటుక భరిణె. ఆ కాటుక ఇంట్లోనే పట్టేది అత్తయ్య, ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి. నడిమి అరలో హార్లిక్స్ సీసాల నిండా పొడులు: జింకు, ఇంగిలీకం, నీలం, ఎర్రమట్టి. అడుగున పాత పంచెలో చుట్టిన విగ్గులు, గడ్డాలు. డబ్బున్న ఊళ్లకి క్రేప్ గడ్డం, లేని ఊళ్లకి జనపనార గడ్డం. బడిపిల్లల నాటకాలకైతే కొబ్బరిపీచు నానబెట్టి, దువ్వి, రుషికి అతికించేవాడు. కొబ్బరి మా సీమలో ఎక్కడికి వెళ్లినా పనికొచ్చేది. కనురెప్ప గీతలకి బ్రష్షు కాదు, కొబ్బరి ఈనె కొసకి దూది చుట్టుకునేవాడు. రంగు దింపడానికి కొబ్బరినూనె, పాత గుడ్డ.

*

రంగు వెయ్యడం ఒక వరసలో జరిగేది. ముందు పెట్టెకి దణ్ణం, కర్పూరం. ఆ తరవాత పెద్ద పాత్ర నుంచి మొదలు. కృష్ణుడు ఎవరైతే వాళ్లు ముందు కూర్చోవాలి. ముఖం నున్నగా గీయించుకుని, కడుక్కుని రావాలి. అరచేతిలో నూనె వేసి మావయ్య ఆ ముఖమంతా రుద్దేవాడు. ఆ రుద్దడంలోనే ఎముక ఎక్కడుంది, బుగ్గ ఎక్కడ పల్లంగా ఉంది అన్నీ వేలికి తెలిసిపోతాయనేవాడు. తరవాత జింకులో రంగు కలిపి ముద్ద చేసి, చుక్కలు చుక్కలుగా పెట్టి, తడి స్పాంజితో అద్దేవాడు. తప్ తప్‌మని ఆ చప్పుడు, పక్కన హార్మోనియం శృతి, బయట వేరుశెనక్కాయల బండివాడి కేక. ఈ మూడూ కలిసి వినపడితే నాటకం మొదలవబోతోందని నా ఒంటికి తెలిసేది.

మా ఊరి నాటకంలో బళ్లో మాష్టారు ధర్మరాజు. కొబ్బరి దింపు తీసే ఆయన భీముడు. పగలు ఒకరి అరుగు మీద ఒకరు కూర్చోనివాళ్లు కూడా ఆ రాత్రి ఒకే చాప మీద మోకాళ్లు ఆనించి కూర్చునేవారు.

"మాష్టారూ, కదలకండి. కన్ను కింద గీత చెరిగితే మళ్లీ మొదటికొస్తాం."

"ఆయ్, అలాగేనయ్యా. నువ్వు చెప్పినట్టే."

భీముడి వేషం ఆయన బీడీ వెలిగించబోతే మటుకు మావయ్య గొంతు మారిపోయేది. "ఒరేయ్ అబ్బాయ్, పడెయ్యి. రంగేసుకున్నాక బీడీ లేదు. తెల్లారి రంగు దింపాక నీ ఇష్టం." ఆయన మారుమాట లేకుండా పడేసేవాడు. ముఖానికి రంగు ఉన్నంతసేపూ ఎవరూ తిట్టుకోరు, ఎంగిలి తినరు. ఇది ఎవరు పెట్టిన నియమమో తెలీదు కానీ అందరూ పాటించేవారు.

పెట్రోమాక్స్ వెలుతురు తెల్లగా ఉన్నట్టుంటుంది కానీ కాస్త ఆకుపచ్చ మీద ఉంటుంది. దాని కింద ఎరుపు నల్లబడుతుంది, నీలం గట్టిపడుతుంది. అందుకని కృష్ణుడి నీలం పగటి కంటికి వెలిసిపోయినట్టు కలిపేవాడు. పెదవులకి ఎరుపు ఎక్కువ పెట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి మావయ్య నన్ను చేయిపట్టుకుని జనంలోకి తీసుకెళ్లి, ఆఖర్న గడ్డి మీద కూర్చున్న ముసలమ్మల వెనకాల నిలబెట్టాడు. "ఇక్కణ్నించి చూడు. వీళ్లకి కృష్ణుడి కళ్లు కనపడుతున్నాయా? కనపడితేనే మనం పనిచేసినట్టు" అన్నాడు. దగ్గర్నుంచి చూస్తే ఆ ముఖాలు మోటుగానే ఉండేవి. కనుబొమ్మలు వేలెడంత, కళ్ల గీతలు చెవుల దాకా. అంత దూరం నుంచి చూస్తే అవే కళ్లు నవ్వేవి, ఉరిమేవి.

మా మావయ్యని సినిమా కూడా ఇబ్బంది పెట్టింది. రామారావు గారిని కృష్ణుడిగా మొదట జనం ఒప్పుకోలేదని, 1956లో వచ్చిన 'సొంతవూరు'లో ఆ వేషం తేలిపోయిందని, అందుకే 'మాయాబజార్'కి ఆయన వెనకాడితే కె.వి.రెడ్డి గారు ఆహార్యం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టించి ఒప్పించారని సినిమావాళ్లు చెబుతారు. 1957లో అది విడుదలైన తరవాత తెలుగునాట కృష్ణుడికి ముఖం ఒకటే అయిపోయింది. ప్రతి ఊళ్లో ప్రతి కృష్ణుడూ ఆ ముఖమే కావాలనేవాడు. కోలముఖం వాడికీ, గుండ్రముఖం వాడికీ కూడా అదే. మావయ్య కాదనేవాడు కాదు. బుగ్గ పక్కన నీడ పెట్టి, నుదుటి మీద కిరీటం కాస్త దించి, ఉన్న ముఖంలోంచే ఆ పోలిక లాగేవాడు. అంతకుముందు తన గురువు దగ్గర నేర్చుకున్న కృష్ణుడు వేరే ఉండేవాడని, ఆ కృష్ణుణ్ని అడిగేవాళ్లు లేకుండా పోయారని మాత్రం ఒకటి రెండుసార్లు అన్నాడు.

*

ఆయన పనితనం చూడాలంటే హరిశ్చంద్ర చూడాలి. బలిజేపల్లి వారి నాటకం, తెల్లవార్లూ సాగేది. హరిశ్చంద్రుడి ముఖం ఆ రాత్రి ఎన్నో సార్లు మారాలి. సభలో ఉన్నప్పుడు పచ్చగా మెరిసే రాజు. అడవి పట్టాక ఎండకి కమిలిన ముఖం: మెరుపు తుడిచేసి, బుగ్గల మీద ఎర్రమట్టి తేలిగ్గా అద్ది, కళ్ల కింద నీడ. వారణాసి వచ్చేసరికి ఆకలి. దవడ కింద, కణతల దగ్గర కాటుక నూనెతో పలచన చేసి వేలితో లాగితే ముఖం లోపలికి పీక్కుపోయేది. వీరబాహుకి అమ్ముడుపోయాక మాసిన గడ్డం. దానికి అతికించే గడ్డం వాడేవాడు కాదు. జనపనార సన్నగా కత్తిరించి పొడి చేసి, గమ్ రాసిన దవడ మీద చల్లేవాడు. ఆఖరికి కాటి సీను. నిజం బూడిద. మావయ్య అందుకోసం ఇంటి పొయ్యిలో కొబ్బరి డొక్కల బూడిద జల్లెడ పట్టి తెచ్చేవాడు.

ఇదంతా చెయ్యడానికి రెండు పద్యాల సమయం కూడా ఉండేది కాదు. నటుడు దడి లోపలికి వచ్చేవాడు, నేను లైటు ఎత్తి పట్టుకునేవాణ్ని, అత్తయ్య విగ్గు మార్చేది, మావయ్య చేతులు ఆడేవి. అవతల నక్షత్రకుడు పద్యం సాగదీసి కాలం సంపాదించి పెట్టేవాడు. చంద్రమతి కొడుకు శవాన్ని మోసుకుని కాటికి వచ్చేవేళకి నిజంగానే తెల్లారుజాము అయ్యేది. జనంలో ఏడవనివాళ్లు ఉండేవారు కాదు. దడి సందులోంచి మావయ్య చూసేది నటుణ్ని కాదు, జనాన్ని.

ఈరోజు సెట్లో 'కంటిన్యుటీ' అని దాన్నే అంటున్నాం. ఏ సీనులో గడ్డం ఎంత, చెమట ఎంత, గాయం ఏ పక్క అన్నది ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకుంటున్నాం. మావయ్యకి అదంతా తలలో ఉండేది.

*

అత్తయ్య సంగతి వేరే చెప్పాలి. ఊరివాళ్లు ఆమెను 'జడల అమ్మ' అనేవారు. పెళ్లికూతురి పూలజడ అంటే చుట్టుపక్కల లంకల్లో ఆమెకే కబురు. అరటిపట్ట మీద మల్లెమొగ్గలు వరసలు పేర్చి, మధ్య కనకాంబరాలు, మరువం, కొసకి కుచ్చులు. మొగ్గలు విచ్చుకోకముందే కుట్టాలి కాబట్టి మధ్యాహ్నం ఎండలో తడిగుడ్డ కప్పుకుని కూర్చునేది. కాలవగట్టు మీద మొగలిపొదలు పూచిన రోజుల్లో మొగలిరేకుల జడ వేసేది. ఆ రేకుల ముళ్లకి వేళ్లు చిట్లేవి. ఆ జడ వాసన మూడు రోజులు తలలో ఉండేదని పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలు చెప్పుకునేవారు.

రాలిన జుట్టు ఎవరూ పారేసేవారు కాదు. చూర్లో చుట్టి పెట్టి అత్తయ్యకి ఇచ్చేవారు. ఆమె దాన్ని చిక్కు తీసి, కడిగి, సవరాలు కట్టేది. ఆడవేషాలు వేసే మగవాళ్లకి ఆ సవరాలే జడలయ్యేవి. స్త్రీ పాత్రలకి స్థానం నరసింహారావు గారి పేరు చెప్పుకోని ఊరు లేదు. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన సత్యభామ నడక గురించి విన్న ప్రతి ఊళ్లోనూ ఒక కుర్రాడు ఆ నడక నేర్చుకుని ఉండేవాడు. అలాంటి కుర్రాడికి జడ వేసేటప్పుడు అత్తయ్య ఆడపిల్లకి వేసినట్టే వేసేది, వెటకారం లేకుండా. "జడ బరువు మెడకి తెలియాలిరా. అప్పుడే నడక దానంతట అదే వస్తుంది" అనేది.

*

సినిమాలు గోదావరికి వస్తున్నాయని మొదట మావయ్యే సంబరపడ్డాడు. 1964లో 'మూగమనసులు'. 1967లో బాపు గారు తొలి సినిమా 'సాక్షి' మా కోనసీమలోనే, పులిదిండిలో తీశారు. 1973లో 'అందాల రాముడు' గోదావరి మీద పడవలోనే నడిచింది. ఇలా ఏదో ఒక కంపెనీ వచ్చేది. పెద్ద నటులకి సొంత మేకప్‌మేన్లు మద్రాసు నుంచే వచ్చేవారు. గుంపులో నిలబడేవాళ్లకి రంగు వెయ్యడానికి మనుషులు చాలకపోతే ప్రొడక్షన్ మనిషి ఊళ్లో అడిగేవాడు. అలా మావయ్యా అత్తయ్యా కొన్ని షెడ్యూళ్లకి వెళ్లారు. బత్తా, మధ్యాహ్నం భోజనం. ఒక కంపెనీ మనిషి మిగతా డబ్బు రేపు పంపిస్తానని వెళ్లి మళ్లీ కనపడలేదు. అయినా వాళ్లు కబురొస్తే వెళ్లేవారు, కొత్త సరుకు చూడొచ్చని.

కొత్త సరుకు అంటే పాన్‌కేక్. అమెరికాలో మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ రంగుల సినిమా కోసమని తయారు చేసినది అది. తడి స్పాంజితో అద్దితే నూనె మెరుపు లేకుండా ముఖం మీద పరుచుకుంటుంది. మద్రాసు జెమినీ స్టూడియోలో దాన్ని లారీల కొద్దీ తెప్పించేవారని, ఆ మేకప్ విభాగంలో బెంగాలీ, మరాఠీ, కన్నడ, తమిళ మనుషులతో పాటు ఒక ఆంధ్రుడు కూడా ఉండేవాడని అక్కడే ఉద్యోగం చేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ రాసుకున్నారు. ఆ ఆంధ్రుడి ఊరేదో, ఏ నాటకాల దడి వెనక పని నేర్చాడో అని నాకు ఇప్పటికీ తెలుసుకోవాలనుంది. ఎన్టీఆర్‌కీ ఎమ్జీఆర్‌కీ రంగు వేసిన పీతాంబరం గారిలా పేరు నిలిచినవాళ్లు కొద్దిమందే. 

షూటింగుల్లో అత్తయ్యకి ఒక గీత కనపడింది. ఆడవాళ్లు జుట్టు వరకే. రంగు బ్రష్షు ముట్టుకోకూడదు. దడి లోపల మావయ్యకి జ్వరమొస్తే నాటకం మొత్తానికి రంగు వేసిన మనిషి ఆమె. సినిమా లొకేషన్లో మటుకు ఆమె హెయిర్ డ్రెస్సర్, అంతే. "మనకి తెలిసిన పనే, చెయ్యకూడదంట" అని ఇంటికొచ్చి ఒక్క మాట అని ఊరుకుంది. ఈ కట్టుబాటు దేశంలో చాలా కాలం నడిచింది. ముంబయి మేకప్ కళాకారుల సంఘం ఆడవాళ్లకి మేకప్ సభ్యత్వం ఇవ్వననే కూర్చుంది. చారు ఖురానా తదితరులు సుప్రీంకోర్టుకి వెళ్తే, 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు.లలిత్ ధర్మాసనం ఆ నిబంధనని కొట్టేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు అత్తయ్యే గుర్తొచ్చింది. అప్పటికి ఆమె లేదు.

*

ఎలా పోయింది ఇదంతా? ఒక్కసారిగా పోలేదు. ఇళ్లల్లోకి టీవీ వచ్చింది. పద్యం పాడే కుర్రాళ్లు చదువులకీ గల్ఫుకీ వెళ్లారు. 1996 నవంబరు 6 నాటి తుపాను మా లంకల్ని తుడిచిపెట్టింది. భైరవపాలెం వైపు వేటకెళ్లినవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరిచెట్లు ఎక్కడికక్కడ విరిగిపడ్డాయి. చెట్టు పడిపోయిన రైతు నాటకానికి చందా ఏమిస్తాడు? ఆ ఏడు తీర్థం లేదు. మావయ్య పెట్టె నీళ్లలో నానింది. విగ్గులు కుళ్లిపోయాయి, పొడులన్నీ ఒకే బురద రంగులో ముద్ద కట్టాయి. తరవాత మావయ్య కొత్త పెట్టె కొనలేదు.

అయినా ఆ రోజులన్నీ బంగారమని నేను అనలేను. మావయ్య గురువు తరంలో పసుపుకి వాడిన అర్దళంలో ఆర్సెనిక్ ఉంటుంది. ఇంగిలీకంలో పాదరసం. పాతకాలం సఫేదాలో సీసం. ఆ సరుకు రోజూ వేళ్లతో కలిపి, ఆ చేతుల్తోనే అన్నం తిన్నారు. మావయ్య గోళ్లు నల్లబడి పెళుసుగా విరిగేవి, అరచేతుల్లో పొట్టు లేచేది. ఎందుకో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా పెట్టెలో ఉన్న ప్రతి సీసా మీద లోపల ఏముందో రాసి ఉంటుంది. ముసలాయన్ని కుర్రాడిగా చెయ్యడానికి సిలికాన్ ఉంది, ఎయిర్‌బ్రష్ ఉంది. జాతీయ సినిమా అవార్డుల్లో మేకప్‌కి విడిగా అవార్డు 2006 సినిమాల నుంచీ ఉంది. 2018 సినిమాలకి ఇచ్చినప్పుడు తెలుగు సినిమా 'అ!' దాన్ని తెచ్చుకుంది. అమలాపురంలో, ముమ్మిడివరంలో ఆడపిల్లలు మేకప్ నేర్చుకుని, ఫోన్లోనే పెళ్లిళ్లు ఒప్పుకుని, అడ్వాన్సు ముందే తీసుకుని పనిచేస్తున్నారు. వాళ్లని చూస్తే నాకు సంతోషమే. బ్రష్షు వాళ్ల చేతిలో ఉంది, ఆ బ్రష్షు కోసం ఎవరినీ అడగక్కర్లేదు.

పోయింది ఏమిటంటే, నా లెక్కలో, ముఖాన్ని చేత్తో చదివే చదువు. ఇప్పుడు కెమెరా చర్మం మీద రంధ్రాల్ని కూడా చూపిస్తుంది కాబట్టి మేం దాచడం నేర్చుకున్నాం. మావయ్య నేర్పింది చూపించడం. ఆఖరి వరసలో గడ్డి మీద కూర్చున్న ముసలమ్మకి హరిశ్చంద్రుడి ఆకలి కనపడేలా చెయ్యడం. అది ఏ కోర్సులోనూ లేదు. పక్కన కూర్చుని, లైటు పట్టుకుని, ఏళ్ల తరబడి చూస్తే వచ్చేది.

ఇంకొకటి. ఆనాటి నాటకాల కరపత్రాలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. కృష్ణుడు ఫలానా, అర్జునుడు ఫలానా, హార్మోనియం ఫలానా, లైటింగు ఫలానా అని పేర్లన్నీ ఉన్నాయి. రంగు వేసినవాళ్ల పేరు నేను చూసిన వాటిలో ఎక్కడా లేదు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి కరపత్రమో, వేషాలతో తీయించుకున్న పాత ఫొటోనో ఉంటే, దాని వెనక రంగు ఎవరు వేశారో, జడ ఎవరు వేశారో, ఏ ఊరివారో పెన్సిలుతో రాసి పెట్టండి. తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఇంకా ఉన్నారు. వాళ్లని వచ్చే ఏడు తీర్థానికి అడుగుదామనుకోకండి, ఈ ఏడే అడగండి.